ఎడమకు వాలిన చిరునామా

కుట్టుషాపు,
మార్చి 3

ఖజానా తమ్ముడికి అక్క దీవెనలు.

ఒంట్లో బాగుందా? నాకు మోకాళ్ళు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి.

అసలు సంగతికి వస్తాను. ముప్పై ఏళ్ళుగా అద్దెకుంటున్న ఈ షాపు గదిని ఇంటాయన అమ్మేస్తాడట. పక్కన ఫోన్లు అమ్మే అతను అప్పుడే వచ్చి గోడలు కొలుచుకుపోయాడు. నా షాపుని, నా కళ్ళ ముందే, నా టేపు అడిగి తీసుకుని మరీ కొలిచాడు! నేను వెళ్ళి ఇంటాయన్ని నిలదీశాను. "అన్నదమ్ముల పంపకం కాగితాలు తేలడానికి ఏడాది పడుతుందమ్మా. వచ్చే ఏడాది ఏప్రిల్ ఆఖరికి ఆరు లక్షలు చేతిలో పెడితే గది నీది. ఒక్కరోజు దాటినా అతనిదే" అన్నాడు.

ఆరు లక్షలు ఉన్నాయిరా. మీ బావ పోయినప్పుడు వచ్చినది, నేను బడిపిల్లల యూనిఫారాలు కుట్టి దాచినది కలిపి సరిగ్గా అంతే. ఈ ఏడాదిపాటు దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే నా బాధ. మూలమీద ఫైనాన్సు కంపెనీవాడు ఏడాదిలో ఒకటికి ఒకటిన్నర ఇస్తానంటున్నాడు. కాజాలు కుట్టే ఆవిడ బంగారం కొనమంటుంది. బూట్ల షాపాయన బ్యాంకులోనే ఉండనీ అంటాడు. తలొక మాట, తలనొప్పి నాకు. అందులో చిల్లిగవ్వ తగ్గినా గది పోతుంది. ఈ వయసులో ఇంకో వీధిలో బోర్డు పెడితే నా కుట్టు తెలిసినవాళ్ళు ఎవరొస్తారు? కాస్త వడ్డీ కూడా వస్తే మిషన్‌కి మోటారు పెట్టించుకుని ఈ మోకాళ్ళకి సెలవిస్తాను.

ముప్పై రెండేళ్ళు ఖజానా ఆఫీసులో చేసి రిటైరైన తమ్ముణ్ణి ఇంట్లో పెట్టుకుని ఊళ్ళోవాళ్ళని అడగడమెందుకు? నువ్వు చెప్పు.

మీ అక్క


మేడమీద గది,
మార్చి 11

అక్కయ్యకు నమస్కారాలు.

నీ లేఖ చేరింది. విషయం కూలంకషంగా పరిశీలించాను.

మొదటిది, ఆ ఫైనాన్సు కంపెనీ గడప తొక్కకు. ఒకటికి ఒకటిన్నర ఇచ్చేవాడు అసలుకే ఎసరు పెడతాడు. బంగారం వద్దు, ఏడాదిలో ధర పడితే నీకు ఎదురుచూసే వ్యవధి లేదు. మామూలు ఖాతాలో సొమ్ము భద్రంగానే ఉంటుంది, కానీ నిద్రపోతుంది. పైగా బ్యాంకు మునిగితే ఇంతవరకే ఇస్తామని ప్రభుత్వం పెట్టిన హద్దుని నీ మొత్తం దాటింది.

నీవంటి వారికి తగినవి ప్రభుత్వ స్వల్పకాలిక బాండ్లు. తొంభైయొక్క రోజులవి ఉంటాయి. హామీ సాక్షాత్తూ ప్రభుత్వానిది. గడువు తీరగానే మళ్ళీ కొనవచ్చు. వడ్డీ నెలకు మూడువేల ఐదువందల చొప్పున వస్తుంది, నేను నెలనెలా పంపుతాను. దరఖాస్తు వ్యవహారం నీవల్ల కాదు. మొత్తం నా ఖాతాకు పంపితే ఇక్కడ మా ఆఫీసులోనే నీ పేరున కొంటాను. అందరూ నా చేతికింద పెరిగినవాళ్ళే.

నిశ్చింతగా ఉండు.

నీ తమ్ముడు


కుట్టుషాపు,
ఏప్రిల్ 29

ఖజానా తమ్ముడికి,

మొదటి నెల వడ్డీ అందింది! మనియార్డర్ కాగితం కాజాలు కుట్టే ఆవిడకి చూపించాను, బూట్ల షాపాయనకి చూపించాను, ఫోన్లవాడికి పనిగట్టుకుని చూపించాను. "మా తమ్ముడు ప్రభుత్వం దగ్గర పెట్టాడు" అంటే వాడి మొహం చూడాల్సింది.

పిన్నికి కూడా చెప్పాను. "వాడికి నాలుగో ఏట ఖజానా అని పేరు పెట్టింది నేనే కదే! పిల్లలందరి చిల్లర లాగు జేబులో దాచి, అడిగితేగానీ ఇచ్చేవాడు కాదు" అని మురిసిపోయింది.

మోటారు బేరం చేసి వచ్చాను. రెండు నెలల వడ్డీ చాలు.

అక్క


మేడమీద గది,
జూన్ 24

అక్కయ్యకు,

మొదటి గడువు తీరింది. యథావిధిగా పునరుద్ధరించాను. ఈ నెల వడ్డీ పంపుతున్నాను.

కాజాలు కుట్టే ఆవిడా, బూట్ల షాపాయనా తమ సొమ్ము కూడా నాకు పంపుతామంటున్నారని రాశావు. దయచేసి వద్దని చెప్పు. ఇంకెవరికీ చెప్పకు కూడా. ఇలాంటివి పదిమందికి చాటడం పద్ధతి కాదు. నిబంధనలు మారాయి. కారణాలు వివరించడానికి తీరిక లేదు.

మోటారు బాగా పనిచేస్తోందా? మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అది మాత్రం తప్పకుండా రాయి.

నీ తమ్ముడు


కుట్టుషాపు,
ఆగస్టు 8

తమ్ముడికి,

నిన్న బ్యాంకులో పనిచేసే ఒకావిడ కోటు కొలతలకి వచ్చింది. మాటల్లో నీ బాండ్ల సంగతి చెప్పాను. ఆవిడ చేతులు చాచి నిలబడినది నిలబడినట్టే నవ్వింది. "ఆ బాండ్లకి నెలనెలా వడ్డీ ఉండదమ్మా. తక్కువ ధరకి కొంటాం, గడువు తీరాక పూర్తి మొత్తం ఇస్తారు. మధ్యలో పైసా రాదు" అంది.

కొలత తప్పు రాసుకున్నాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి.

నీకు తెలియకుండా ఉండదు కదా. బాండు కాగితం ఒకసారి పంపించు. చూసి తిప్పి పంపేస్తాను.

అక్క


మేడమీద గది,
ఆగస్టు 17

అక్కయ్యకు,

బయటివాళ్ళ మాటలు పట్టుకుని నన్ను అడగడం బాధ కలిగించింది. బ్యాంకు వాళ్ళకు బ్యాంకు సంగతులే తెలుస్తాయి. కాగితం ఆఫీసు బీరువాలో ఉంది. బయటకు ఇవ్వరు.

ఈ నెల వడ్డీ నాలుగువేలు పంపుతున్నాను. కొంచెం పెరిగింది.

నీ తమ్ముడు


కుట్టుషాపు,
సెప్టెంబరు 5

తమ్ముడికి,

నాలుగువేలు అందాయి. అయిదువందలు ఎక్కువ పంపితే నా నోరు మూతపడుతుందనుకున్నావు. అక్కడే నాకు ఉన్న నమ్మకం కాస్తా ఊడిపోయింది.

నీకు చెప్పకుండా కిందటి సోమవారం మీ ఊరు వచ్చాను. మీ వీధి మలుపులో ప్రింటింగ్ ప్రెస్ ఉంది చూడు, దాని ఎదురుగా మందుల షాపు మెట్ల మీద గంటసేపు నిలబడ్డాను. లోపల బల్ల దగ్గర కూర్చుని నువ్వు శుభలేఖలు మడుస్తున్నావు. మడిచి కవర్లో పెట్టి, నాలుకతో తడి చేసి అంటిస్తున్నావు. మధ్యలో ఒకాయన వచ్చి ఏదో గదిమాడు. నువ్వు తల దించుకున్నావు.

పెన్షన్ వచ్చే మనిషికి అరవై రెండో ఏట కూలిపని ఏం ఖర్మ? నా సొమ్ము ఎక్కడో తగలేసి, ఆ అప్పు తీర్చడానికే అనుకున్నాను. ఇంకేమనుకోను? లోపలికి రాలేక తిరుగు బస్సెక్కాను. దిగి నేరుగా పిన్ని ఇంటికి వెళ్ళి, "నీ ఖజానా నా డబ్బు మింగేశాడు" అని ఏడ్చాను. పిన్ని చెవిన పడిందంటే చుట్టాలందరికీ తెలిసినట్టే. తెలియనీ.

ఇంకో మాట. ఇంటాయన గడువు ముందుకు జరిపాడు. ఈ నెలాఖరుకే కట్టాలట, లేకపోతే ఫోన్లవాడికి రాసిచ్చేస్తాడు.

ఉందా, లేదా? ఒక్క మాట రాయి. ఈసారి ఆఫీసు భాష వద్దు.

నేను


మేడమీద గది,
సెప్టెంబరు 10

అక్కా,

ఉంది.

ఈ కవర్లోనే నీ పేర ఆరు లక్షల డ్రాఫ్టు పెట్టాను. రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. ముందు అది బ్యాంకులో వేసుకుని ఇంటాయన మొహాన కొట్టు. తర్వాత మిగతాది చదువు. చదవకపోయినా ఫరవాలేదు.

నేను నీ డబ్బు తగలేయలేదు. ఏమీ చేయలేదు. నువ్వు పంపిన రోజు నుంచి నా మామూలు ఖాతాలోనే, నేను నీకు నిద్రపోతుందని రాసిన చోటే నిద్రపోయింది. బాండు కొనలేదు. కొనడం నాకు రాదు.

నేను ఖజానా ఆఫీసులో చేసిన మాట నిజం. ఏ సెక్షనో మీరెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నాది డిస్పాచ్. మెట్ల కింద గదిలో బల్ల, జిగురు సీసా, స్టాంపులు, తూకం. పైనుంచి వచ్చిన కాగితాలు కవర్లో పెట్టడం, చిరునామా రాయడం, రిజిస్టర్‌లో ఎక్కించడం. ముప్పై రెండేళ్ళూ అదే. బాండు ఎలా ఉంటుందో కవరు బయటినుంచే తెలుసు నాకు. ఉద్యోగం వచ్చిన రోజున పిన్ని వీధంతా వినబడేలా "మా ఖజానాకి ఖజానా అప్పగించారు" అంది. ఆ రోజు నోరు విప్పలేకపోయాను. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో అందరూ నన్ను పక్కకి పిలిచి ఎక్కడ పెట్టమంటావ్ అని అడిగేవాళ్ళు. ప్రభుత్వం దగ్గర పెట్టండి అనేవాణ్ణి. అందులో తప్పు లేదు కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

నీ డబ్బు రాగానే నిజంగా కొందామనే వెళ్ళాను, అక్కా. కౌంటర్‌లో కొత్తమ్మాయి ఉంది. నేను నోరు తెరిచేలోపే పాత ప్యూను పరిచయం చేశాడు. ఆ అమ్మాయి లేచి నిలబడి, "ముప్పై రెండేళ్ళు ఇక్కడే చేశారటగా సార్, మీకు తెలియనిది ఏముంటుంది!" అని కుర్చీ వేసి టీ తెప్పించింది. టీ తాగాను. బాగుందమ్మా అని వచ్చేశాను. ఇంకో రెండుసార్లు వెళ్ళి గేటు దగ్గరనుంచే తిరిగొచ్చాను. తిడితే అడిగేసేవాణ్ణేమో. మర్యాద చేసేసరికి తెలియదని చెప్పలేకపోయాను.

వడ్డీ పంపుతానని అప్పటికే రాసేశాను. ఆ బాండ్లకి నెలవడ్డీ ఉండదని నీ ఉత్తరం చూసేదాకా నాకు నిజంగా తెలియదు. బ్యాంకు వేసే వడ్డీ సగం కూడా రాలేదు. మిగతాది పెన్షన్‌లోంచి తీస్తే మందులకి చాలడం లేదు, అందుకే ప్రెస్సుకి వెళ్ళాను. కవర్లు అంటించడం నాకు బాగా వచ్చు. గదిమినాయన తప్పేం లేదు, ఆ రోజు ఒక కట్ట తలకిందులుగా పెట్టాను.

నువ్వు ఎదురుగా నిలబడి చూశావన్నది చదివాక ఆ బల్ల దగ్గర కూర్చోలేకపోయాను. దొంగ అన్నందుకు నాకు కోపం లేదు. తెలియనివాడు అంటారన్న భయంతో దొంగననిపించుకున్నాను. నా సిగ్గు కోసం నీ షాపు పణంగా పెట్టాను. నాకు ఏదైనా అయి ఉంటే ఆ డబ్బు నీదని చెప్పే కాగితం ముక్క కూడా లేదు.

గది దక్కిందని ఒక్క ముక్క రాయి. ఇంకేం అడగను.

తమ్ముడు


కుట్టుషాపు,
సెప్టెంబరు 16

నా పిచ్చి తమ్ముడికి,

డ్రాఫ్టు అందింది. బ్యాంకులో వేశాను. ఇంటాయన మొహాన కొట్టలేదు, ఎందుకంటే ఆయన గడువేమీ మార్చలేదు. అది నేను కల్పించిన మాట. అలా బెదిరిస్తేగానీ నువ్వు నిజం కక్కవని అబద్ధం రాశాను. ఇప్పటికీ ఏప్రిల్ ఆఖరే. చూశావా, మన అమ్మ కన్నవాళ్ళలో దొంగమాటలు నీ ఒక్కడికే వచ్చనుకోకు.

ఉత్తరం చదివి చాలాసేపు కత్తెర పట్టుకోలేదు. మోటారు మీద కాలు పెట్టబోతే ప్రాణం చివుక్కుమంది. అది ప్రభుత్వం పెట్టించిన మోటారు అనుకున్నాను, నువ్వు నాలుకతో తడి చేసిన కవర్లదని తెలియదు. సిగ్గుతో రెండు రోజులు మోటారు విప్పేసి పాతలాగే కాళ్ళతో తొక్కి కుట్టాను. మూడో రోజు మోకాళ్ళు ఒప్పుకోలేదు, మళ్ళీ మోటారు తగిలించాను. నీకు తిరిగి పంపేంత లేదు, ఆ అప్పు అలాగే ఉంటుంది. నీ చొక్కాల కాలర్లు చిరిగి ఉండటం మందుల షాపు మెట్ల మీదనుంచే చూశాను. రెండు చొక్కాలు కుడుతున్నాను.

పిన్ని ఇంటికి వెళ్ళాను. ఆదివారం, అందరూ ఉన్నారు. "నేను నోరు పారేసుకున్నాను, వాడు పైసా ముట్టుకోలేదు, ఎదురు వాడే నన్ను పోషించాడు" అని అందరి ముందూ చెప్పాను. చెబుతుంటే చెవులు కాలిపోయాయి. నీ ఆఫీసు గది సంగతి మాత్రం చెప్పలేదు. అది చెప్పాల్సింది నువ్వు.

ఇప్పుడు అసలైన మాట. ఇది రాయడానికి మూడు కాగితాలు చించేశాను.

నీది డిస్పాచ్ అని నాకు మొదటినుంచీ తెలుసు.

నేను కుట్టిన యూనిఫారాల బిల్లులు పాసైనట్టు కాగితాలు మీ ఆఫీసునుంచే వచ్చేవి కదా. బడిపిల్లల బూట్లకి బూట్ల షాపాయనకీ వచ్చేవి. ఆయన కవరు మీద చిరునామా చూడగానే గుర్తుపట్టాను. పలక మీద నీ చేయి పట్టుకుని దిద్దించినదాన్ని, ఆ గుండ్రటి నిటారు రాత నాకు తెలియదా? కానీ నాకొచ్చే కవరు మీద మాత్రం అక్షరాలు ఎడమకు వాలి ఉండేవి. ఎవరో వేరేవాళ్ళు రాశారేమో అనుకుందామంటే, 'కు' కొమ్ము దగ్గర నీ వంకర అలాగే ఉండేది. నేను పట్టేస్తానని నా ఒక్కదాని చిరునామా చేయి వంచి రాసేవాడివి. ఏడాదికి నాలుగు కవర్లు, ఇన్నేళ్ళు! అవన్నీ బటన్ల డబ్బాలో ఉన్నాయి.

మొదటి కవరుకే "ఒరేయ్, తెలుసులేరా" అని రాసి ఉండాల్సింది. నీ పరువు కాపాడుతున్నాననుకున్నాను. నిజానికి నాకూ ఖజానా ఆఫీసు తమ్ముడు కావాల్సి వచ్చాడు. ఫోన్లవాడికి చూపించుకోవడానికి, పిన్ని దగ్గర మురిసిపోవడానికి. నీకు తెలియదని తెలిసీ డబ్బు నీకే పంపాను. బ్యాంకు కౌంటర్‌లో అడగడానికి నాకూ సిగ్గే కాబట్టి. భయస్తుడివి, ఖర్చు పెట్టవులే అన్న ధీమా కాబట్టి. అంత తెలిసినదాన్ని నిన్ను దొంగ అన్నాను.

ఏప్రిల్‌కి ఇంకా ఏడు నెలలుంది. డబ్బు మళ్ళీ నిద్రపోతోంది. నాకు బాండ్లు కొనాలనే ఉంది, ఈసారి నా పేరున, నా చెక్కుతో. ఆ బ్యాంకు కోటావిడని అడిగితే క్షణంలో చేసిపెడుతుంది. కానీ నేను ఆవిణ్ణి అడగను. నువ్వు ఆ కౌంటర్‌కి వెళ్ళు. టీ ఇస్తే తాగు. తాగాక అడుగు.

అక్క


మేడమీద గది,
సెప్టెంబరు 27

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన తర్వాత వారంరోజులు ఆఫీసు వైపు పోలేదు. నువ్వు కవర్లన్నీ డబ్బాలో దాచావని చదివి ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. ఆ కవర్లు రాసిన రోజులు నాకు బాగా గుర్తు. నీ పేరు వచ్చిన రోజున కలం పట్టుకునే తీరు మార్చేవాణ్ణి. పక్క బల్ల ఆయన చేతికి దెబ్బ తగిలిందా అని అడిగేవాడు.

నిన్న వెళ్ళాను. అదే అమ్మాయి, అదే కుర్చీ. టీ చెప్పబోతుంటే ఆపి, "అమ్మా, నేను డిస్పాచ్‌లో చేశాను. కవర్లు అంటించాను. ఇవేవీ నాకు తెలియవు. మా అక్కకి బాండు కొనాలి, మొదటినుంచి చెప్పండి" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. వెనక వరుసలో ఉన్నవాళ్ళు విన్నారు. ప్యూను కూడా విన్నాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. ఫారం తిప్పి నావైపు పెట్టి చెప్పింది. సగమే అర్థమైంది. మళ్ళీ అడిగాను. మూడోసారి కాగితం మీద రాయించుకున్నాను.

ఇదీ సంగతి. మనకి తొంభైయొక్క రోజులది వద్దు, నూట ఎనభై రెండు రోజులది తీసుకుంటే మళ్ళీ కొనే పని లేకుండా ఏప్రిల్ మొదట్లో చేతికొస్తుంది, ఇంటాయన గడువుకి మూడు వారాల ముందు. ఆరు లక్షల బాండు ఐదు లక్షల ఎనభైవేలకి కాస్త తక్కువకే ఇస్తారు. గడువునాడు పూర్తి ఆరు లక్షలు. మిగిలిన ఇరవైవేలు నీ ఖాతాలోనే ఉండనీ, అవసరానికి. మధ్యలో పైసా రాదు. కోటావిడ చెప్పింది అక్షరాలా నిజం, ఆవిడకి నా తరఫున చెప్పు.

ఆ వారంలోనే పిన్నికి కూడా రాశాను. జవాబు అప్పుడే వచ్చింది. "కవర్లయితే ఏంరా, అవి లేకపోతే ఎవరి డబ్బు ఎవరికి చేరేది? అయినా ముప్పై ఏళ్ళు నన్ను వెర్రిదాన్ని చేస్తావా!" అని రెండు పేజీలు తిట్టింది. చదువుతుంటే హాయిగా ఉంది.

ఫారం ఇందులో పెట్టాను. అన్ని గడులూ నేనే నింపాను. నీ చిరునామా గడి దగ్గరికి వచ్చేసరికి చేయి దానంతట అదే ఎడమకు వాలిపోయింది, అక్కా. సగం రాశాక చూసుకున్నాను. కౌంటర్ దగ్గరికి తిరిగి వెళ్ళి, పాడుచేశాను, ఇంకో ఫారం ఇవ్వమ్మా అని అడిగాను. ఇచ్చింది. ఇది ఆ రెండోది. నిటారుగానే వచ్చిందనుకుంటాను, నువ్వు చూసి చెప్పు.

సంతకం కింద గడిలో పెట్టు.

తమ్ముడు